ఒకే పిన్నుకి రెండు కొలువులు: క్లాక్ చిప్‌లో ఏది రెసిస్టర్‌తో తేల్చాలి, ఏది బయోస్‌కి వదలాలి

ఆ చిన్న డెస్క్‌టాప్ బోర్డు నా బల్ల మీదికి వచ్చినప్పుడు కంప్లైంట్ ఒక్కటే. అన్నీ పనిచేస్తున్నాయి, ల్యాన్ మాత్రం కనిపించడం లేదు. డ్రైవర్ మార్చి చూశాను. బయోస్ మళ్ళీ రాశాను. చివరికి ల్యాన్ చిప్పే మార్చేశాను. రెండు రోజులు పోయాయి. మూడో రోజు స్కోప్ (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్) పెట్టి చూస్తే ల్యాన్ చిప్‌కి రావాల్సిన 100 మెగాహెర్ట్జ్ క్లాకే లేదు. అంతకుముందు ఎవరో ఆ బోర్డులో క్లాక్ చిప్, అంటే మిగతా చిప్పులకి క్లాకులు (లయగా కొట్టుకునే సిగ్నళ్ళు) పంపే చిప్, మార్చారు. హాట్ ఎయిర్ గాలికి పక్కనున్న 10కె (పదివేల ఓముల) రెసిస్టర్ ఒకటి ఎగిరిపోయింది. నువ్వుగింజ కన్నా చిన్నది, పోయినా ఎవరి కంటా పడదు. అది లేకపోయేసరికి పవర్ ఆన్ అవుతూనే క్లాక్ చిప్, ఆ రెసిస్టర్ తగిలి ఉండాల్సిన పిన్ను మీద సున్నా చదువుకుంది. క్లాక్ పంపాల్సిన రెండు పిన్నులు క్లాక్ ఆపమని చెప్పే ఇన్‌పుట్‌లుగా మారిపోయాయి.

కంప్యూటర్ క్లాక్ జనరేటర్‌లో రెండు పనులు చేసే పిన్నుల కథంతా ఇలాగే ఉంటుంది. ఏ పిన్నుకి ఏ పని అన్నది డేటాషీట్‌లో దొరుకుతుంది. ఆ పనిని ఎవరు తేల్చాలి, ఎప్పుడు తేల్చాలి అన్న దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఈ పోలిక అందుకోసమే. ఉదాహరణకి ఇంటెల్ కోర్ 2 కాలంలో విరివిగా వాడిన సీకే505 తరగతి క్లాక్ చిప్పులు తీసుకుంటున్నాను. పిన్నుల వివరాలు చాలావరకు ఆ వర్గానికి చెందిన 64 పిన్నుల ఐసీఎస్ కంపెనీ 9ఎల్‌పీఆర్‌ఎస్365 చిప్‌వి. 2011లో ఇంటెల్ 6 సిరీస్ చిప్‌సెట్లు వచ్చాక క్లాక్ తయారీ చిప్‌సెట్ లోపలికే వెళ్ళిపోయింది. కాబట్టి ఇది ఇప్పుడు రిపేరు బల్లల వాళ్ళకి, పాత థింక్‌ప్యాడ్‌లలో కోర్‌బూట్ (బయోస్ బదులు వాడే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్) ఎక్కించుకునే వాళ్ళకి పనికొచ్చే చదువు.

అసలు ఒక పిన్నుకి రెండు కొలువులు ఎందుకు? చిప్ ఒక్కటే, తీర్చాల్సిన అవసరాలు బోలెడు. 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒక్కటి తీసుకుని ప్రాసెసర్‌కి, పీసీఐ స్లాట్లకి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులకి, యూఎస్‌బీకి, గ్రాఫిక్స్‌కి వేర్వేరు క్లాకులు తయారుచేయాలి. ఆ 14.318 కూడా 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి వచ్చిన ఆస్తే. అమెరికన్ కలర్ టీవీ సిగ్నల్‌లోని 3.58 మెగాహెర్ట్జ్‌కి నాలుగు రెట్లు అది, దాన్ని మూడుతో భాగిస్తే 8088 ప్రాసెసర్‌కి 4.77 వచ్చేది. పిన్నులు పెంచితే ప్యాకేజీ పెద్దదవుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకని ఆన్ అయ్యే క్షణంలో ఇన్‌పుట్‌గా ఉండి, ఆ తర్వాత అవుట్‌పుట్‌గా మారే ఏర్పాటు చేశారు.

ముహూర్తం ఒక్కసారే

చిప్‌కి 3.3 వోల్టులు వచ్చి నిలబడ్డాక, సీకే పవర్‌గుడ్ అనే పిన్ను మొదటిసారి కిందినుంచి పైకి లేస్తుంది. చిప్ సరిగ్గా ఆ క్షణంలో తన స్ట్రాప్ పిన్నుల (ఆన్ అయ్యేటప్పుడు సెట్టింగ్ చెప్పే పిన్నుల) మీద వోల్టేజి చూసుకుని, ఒకటో సున్నానో లోపల రాసుకుంటుంది. దీన్నే ల్యాచ్ అంటారు. నేను ముహూర్తం అంటాను, ఎందుకంటే దాటిపోతే మళ్ళీ రాదు. ఆ తర్వాత అదే పిన్ను మీద 33 మెగాహెర్ట్జ్ క్లాక్ పరుగెడుతూ ఉంటుంది, ఇక ఎవరేం చేసినా చిప్ పట్టించుకోదు. తమాషా ఏమిటంటే ఆ సీకే పవర్‌గుడ్ పిన్నుకి కూడా రెండు కొలువులే. మొదటిసారి లేచినప్పుడు "చదువుకో" అని అర్థం, తర్వాత ఎప్పుడు కిందికి దిగినా "పడుకో" అని అర్థం. కనుక రీసెట్ బటన్ నొక్కితే స్ట్రాపులు మళ్ళీ చదవబడతాయని అనుకోకండి. చిప్‌కి కరెంటు పూర్తిగా పోయి రావాలి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. చాలా బోర్డుల్లో ఈ చిప్‌కి కరెంటు, కంప్యూటర్ నిద్రపోయినప్పుడు ఆగిపోయే లైన్ నుంచే వస్తుంది. అంటే స్లీప్ నుంచి లేచిన ప్రతిసారీ మళ్ళీ ముహూర్తమే. రెసిస్టర్‌తో తేల్చినవి అలాగే తిరిగొస్తాయి. సాఫ్ట్‌వేర్‌తో రాసినవన్నీ చెరిగిపోతాయి, బయోస్ మళ్ళీ రాయకపోతే లేనట్టే. "ఆన్ చేసినప్పుడు బాగానే ఉంది, స్లీప్ నుంచి లేచాకే వైఫై పోతోంది" అని ఎవరైనా అంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

రెసిస్టరా, జంపరా, సాఫ్ట్‌వేరా

పిన్నుని ఏదో ఒక వైపు నిలబెట్టడానికి ఉన్న దారుల్లో మామూలుగా వాడేది ఒక్క 10కె రెసిస్టర్. ఒకటి కావాలంటే 3.3 వోల్టులకి, సున్నా కావాలంటే గ్రౌండ్‌కి. 10కె అన్న అంకె ఊరికే రాలేదు. ముహూర్తం వేళ పిన్నుని గట్టిగా పట్టుకోవాలి, ఆ తర్వాత క్లాక్ పరుగెత్తేటప్పుడు అడ్డు రాకూడదు. 10కె మీద క్లాక్‌కి పడే భారం 0.33 మిల్లీ ఆంపియర్, లెక్కలోకి రాదు. చేతిలో ఉంది కదా అని 1కె పెడితే 3.3 మిల్లీ ఆంపియర్ల భారం ఊరికే మోపినట్టు. పోనీ 100కె పెడదామా? ఐసీఎస్ పాత చిప్పుల్లో కొన్ని పిన్నులకి లోపలే 120కె పుల్-అప్ (పిన్నుని 3.3 వోల్టుల వైపు లాగే రెసిస్టర్) ఉంటుంది. బయట 100కెతో గ్రౌండ్‌కి లాగితే పిన్ను మీద 1.5 వోల్టులు నిలుస్తాయి, అటూ కాదు ఇటూ కాదు. అదే 10కె అయితే 0.25 వోల్టులు, ఏ అనుమానమూ లేని సున్నా.

రెండో దారి జంపర్, అంటే రెండు కాళ్ళని కలిపే చిన్న తొడుగు. బోర్డు చేతికొచ్చాక కూడా మార్చుకునే వీలు కావాలంటే ఇది పెట్టాలి. ఐసీఎస్ డేటాషీట్లలో దీనికి ఒక చక్కటి సర్క్యూట్ ఉంటుంది. పిన్ను నుంచి 8.2కె, దాని అవతలి కొస నుంచి 2కె మీదుగా 3.3 వోల్టులకి, ఆ రెండూ కలిసే చోట జంపర్, జంపర్ రెండో కాలు గ్రౌండ్‌కి. జంపర్ తీసేస్తే మొత్తం 10.2కెతో పైకి లాగుతుంది, పెడితే 8.2కెతో కిందికి. ఇందులో తెలివంతా జంపర్ క్లాక్ తీగని నేరుగా ముట్టుకోకపోవడంలో ఉంది. మధ్యలో 8.2కె ఉండబట్టి పొడవాటి జంపర్ కాళ్ళు క్లాక్‌కి యాంటెనాలా మారవు. జంపర్ పెట్టి ఉన్నంతసేపూ 2కె ద్వారా 1.65 మిల్లీ ఆంపియర్లు వృథా అవుతాయి. డెస్క్‌టాప్‌లో అది సమస్యే కాదు, బ్యాటరీ మీద నడిచేదాంట్లో పెట్టబుద్ధి కాదు. ప్రయోగాల బోర్డుకి జంపర్, అమ్మే బోర్డుకి ఒంటి రెసిస్టర్. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు.

మూడోది ఎస్ఎంబస్ (బోర్డు మీది చిప్పులు మాట్లాడుకునే రెండు తీగల దారి) ద్వారా రిజిస్టర్లు, అంటే చిప్ లోపలి సెట్టింగుల గళ్ళు, రాయడం. క్లాక్ చిప్ అడ్రసు రాయడానికి హెక్స్‌లో డీ2, చదవడానికి డీ3. లినక్స్‌లో ఐ2సీ డిటెక్ట్ అనే టూల్ నడిపితే 69గా కనిపిస్తుంది, తేడా పడిందని కంగారు పడకండి, ఒకే అడ్రసుని రెండు రకాలుగా రాయడమే. కోర్‌బూట్‌లో సీకే505 కోసం ఉన్న డ్రైవర్ చేసే పద్ధతే మంచి పద్ధతి: ఉన్న విలువలు చదవడం, కావలసిన బిట్లు మాత్రం మార్చడం, మిగతావి ఉన్నవి ఉన్నట్టు తిరిగి రాయడం. ఇంటర్నెట్‌లో దొరికిన వరస బైట్లని గుడ్డిగా రాస్తే మెషిన్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ప్రాసెసర్ కాళ్ళ కింద నేల లాగేస్తున్నారు మరి.

నాలుగో దారి ఏమీ పెట్టకుండా లోపలి పుల్-అప్ మీద భారం వేయడం. ఇది ఎప్పుడూ వద్దు. పిన్ను అవతలి కొసన ఇంకో చిప్ ఉందని మర్చిపోకూడదు. ముహూర్తం వేళకి ఆ చిప్‌కి ఇంకా కరెంటు రాకపోతే, దాని లోపలి రక్షణ డయోడ్లు ఆ తీగని కిందికి గుంజుతాయి. అలాంటి చోట 120కె మాట దేవుడెరుగు, 10కె కూడా ఓడిపోతుంది. అందుకే 3.3 వోల్టులు వచ్చిన క్షణం నుంచి పవర్‌గుడ్ లేచే దాకా స్ట్రాప్ పిన్ను మీద స్కోప్ పెట్టి ఒక్కసారైనా చూడమంటాను. మల్టీమీటర్ దీనికి పనికిరాదు, అది చూపించేది క్లాక్ మొదలయ్యాక వచ్చే సగటు వోల్టేజిని.

ఎస్ఆర్‌సీ5 కావాలా, స్టాప్ పిన్నులు కావాలా

నా రెండు రోజులు తిన్న పిన్ను ఇదే, పీసీఐ4 అనే పీసీఐ క్లాక్ పిన్ను. దాని రెండో పేరు ఎస్ఆర్‌సీ5 ఎనేబుల్. ఎస్ఆర్‌సీలంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కోసం ఉన్న క్లాక్ జతలు. ముహూర్తంలో ఒకటి ఉంటే 37, 38 పిన్నులు ఎస్ఆర్‌సీ5 జతగా మారి ఇంకో పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరానికి 100 మెగాహెర్ట్జ్ ఇస్తాయి. సున్నా ఉంటే అవే పిన్నులు పీసీఐ స్టాప్, సీపీయూ స్టాప్ అనే ఇన్‌పుట్‌లు.

ల్యాప్‌టాప్ అయితే స్టాప్ వైపే వెళ్ళండి. ల్యాప్‌టాప్ సౌత్‌బ్రిడ్జిలో (యూఎస్‌బీ, డిస్క్ లాంటివి చూసుకునే చిప్‌సెట్ భాగం) ఈ రెండింటి కోసమే పిన్నులున్నాయి. ప్రాసెసర్ గాఢనిద్రలోకి వెళ్ళినప్పుడు క్లాక్ ఆపేస్తే బ్యాటరీ మిగులుతుంది. డెస్క్‌టాప్‌కి ఆ లాభం నామమాత్రం, ఇంకో క్లాక్ జత దొరకడమే మేలు. ఏది ఎంచుకున్నా రెసిస్టర్ తప్పనిసరి, ఎందుకంటే ఇక్కడ దిశే మారిపోతుంది. అవుట్‌పుట్ అనుకున్నది ఇన్‌పుట్ అయితే గాల్లో వేలాడుతుంది, ఇన్‌పుట్ అనుకున్నది అవుట్‌పుట్ అయితే సౌత్‌బ్రిడ్జితో కుస్తీ పడుతుంది.

ఐటీపీ ఎనేబుల్

పీసీఐ ఎఫ్5 మీద ఉండే స్ట్రాప్. ఒకటి అయితే ఒక జత పిన్నులు ప్రాసెసర్ డీబగ్ ప్రోబ్‌కి (తప్పులు వెతికే పరికరానికి) క్లాక్ ఇస్తాయి, సున్నా అయితే ఎస్ఆర్‌సీ8 అవుతాయి. మీ దగ్గర ఆ ప్రోబ్ ఉంటే ఈ సలహా మీకు అక్కర్లేదు. లేకపోతే సున్నా.

పీసీఐ0 మీద క్లాక్ రిక్వెస్ట్

పైవాటికీ దీనికీ పోలికే లేదు. దీనికి స్ట్రాప్ లేదు, ఎప్పుడూ పీసీఐ క్లాక్ అవుట్‌పుట్‌గానే లేస్తుంది. మీకు కావాలంటే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని క్లాక్ రిక్వెస్ట్-ఏ అనే ఇన్‌పుట్‌గా మార్చుకోవచ్చు. కార్డు తనకి క్లాక్ అవసరం ఉన్నప్పుడు ఆ తీగని కిందికి లాగుతుంది, చిప్ అప్పుడే ఎస్ఆర్‌సీ0 గానీ ఎస్ఆర్‌సీ2 గానీ పంపుతుంది.

ఇక్కడ వరస ముఖ్యం. మొదట బైట్ 2లోని బిట్ 0తో పీసీఐ0 అవుట్‌పుట్‌ని ఆపాలి. పిన్ను వదులైపోయాకే బైట్ 5లోని బిట్ 7ని ఒకటి చేసి క్లాక్ రిక్వెస్ట్‌గా మార్చాలి. అదే బైట్‌లో బిట్ 6 సున్నా అయితే ఎస్ఆర్‌సీ0 మీద, ఒకటి అయితే ఎస్ఆర్‌సీ2 మీద అధికారం. డేటాషీట్ ఈ వరసని అంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. కార్డు తీగని కిందికి లాగుతున్నప్పుడు చిప్ ఇంకా 33 మెగాహెర్ట్జ్ తోస్తూ ఉంటే ఇద్దరూ కొట్టుకుంటారు. నిజానికి బయోస్ మొదలయ్యేదాకా ఆ కొట్లాట ఎలాగూ ఉంటుంది, చిప్ లేవడమే అవుట్‌పుట్‌గా లేస్తుంది కదా. బోర్డు మీరే గీస్తుంటే ఆ తీగలో వరసగా ఒక రెసిస్టర్‌కి చోటు వదలండి.

మార్చాలా వద్దా? తీసి పెట్టుకునే మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ కార్డు స్లాట్లకైతే మార్చడం మంచిదే, ఖాళీ స్లాట్‌కి క్లాక్ దండగ. బోర్డుకి అతికించేసిన ల్యాన్ చిప్‌కైతే నేను మార్చను, మిగిలేది తక్కువ, వచ్చే తలనొప్పి ఎక్కువ. స్లాట్లలో కూడా ఒక చిక్కుంది. మినీ కార్డులో 7వ పిన్ను క్లాక్ రిక్వెస్ట్. కొన్ని కార్డులు దాన్ని అసలు కలపనే కలపవు. అలాంటి కార్డు పెడితే క్లాక్ రాదు, కార్డు కనిపించదు, కస్టమర్ "కొత్త కార్డు కూడా పాడైందండీ" అంటాడు. వేరే మెషిన్‌లో పెడితే శుభ్రంగా పనిచేస్తుంది. ఆ స్లాట్ ఎస్ఆర్‌సీని ఎప్పుడూ నడిచేలా తిరిగి రాస్తే గొడవ తీరుతుంది.

టీఎంఈ: తాళంచెవి బావిలో పడేయడం

పీసీఐ2 మీద ట్రస్టెడ్ మోడ్ ఎనేబుల్ స్ట్రాప్ ఉంటుంది. సున్నా అయితే ప్రాసెసర్, ఎస్ఆర్‌సీ క్లాకుల వేగం సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు. ఒకటి అయితే కుదరదు, ఎస్ఎంబస్ ద్వారా ఎంత రాసినా చిప్ వినదు. సెట్‌ఎఫ్‌ఎస్‌బీ లాంటి, క్లాక్ వేగం మార్చే టూల్స్ కొన్ని ల్యాప్‌టాప్‌లలో చిప్‌ని సరిగ్గా గుర్తుపట్టి కూడా వేగం మార్చలేకపోవడానికి తరచుగా కారణం ఇదే. రెసిస్టర్ తీసి రెండో వైపుకి మార్చడం తప్ప ఇంకో దారి లేదు.

ఆఫీసు మెషిన్లకి, కేఫ్‌లకి, స్కూల్ ల్యాబ్‌లకి ఒకటే పెట్టండి. ఏదో ప్రోగ్రాం వచ్చి క్లాక్‌తో ఆడుకుంటే హార్డ్ డిస్క్‌లో డేటా పాడయ్యేదాకా ఎవరికీ తెలియదు. సొంత బోర్డుతో ఆడుకునేవాళ్ళు సున్నా పెట్టుకోండి, కానీ ఎస్ఆర్‌సీ మాత్రం 100 దగ్గర వదిలేయండి. ప్రాసెసర్ సహిస్తుంది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు అంత ఓర్పు చూపవు.

ఎఫ్ఎస్ పిన్నులు, ఎక్కువమంది కాలు జారే చోటు

ప్రాసెసర్ బస్ వేగాన్ని తేల్చేవి ఎఫ్ఎస్ సీ, బీ, ఏ అనే మూడు పిన్నులు. ఏ పిన్ను యూఎస్‌బీ 48 మెగాహెర్ట్జ్‌తోనూ, సీ పిన్ను 14.318 రిఫరెన్స్ అవుట్‌పుట్‌తోనూ కలిసి ఉంటాయి. సీ, బీ, ఏ వరసలో 000 అంటే 266 మెగాహెర్ట్జ్, 001 అంటే 133, 010 అంటే 200, 011 అంటే 166, 100 అంటే 333, 101 అంటే 100, 110 అంటే 400.

మామూలుగా వీటిని ప్రాసెసరే తన బీసెల్ పిన్నులతో (తనకి కావాల్సిన బస్ వేగం చెప్పే పిన్నులు) నడుపుతుంది. అలాగే ఉండనివ్వాలా, రెసిస్టర్‌తో మనమే తేల్చాలా? రకరకాల ప్రాసెసర్లు పెట్టే సాకెట్ బోర్డుకి బీసెల్ వదిలేయడం తప్ప మార్గం లేదు. ఒకే ప్రాసెసర్ సోల్డర్ చేసిన బోర్డుకైనా నేను బీసెల్‌నే నమ్ముతాను. 200 బస్ ఉన్న ప్రాసెసర్‌ని 266కి తోయాలనుకునే వాళ్ళకి మాత్రం పట్టిక చూస్తే దారి కనిపిస్తుంది. 010కి, 000కి తేడా మధ్య బిట్ ఒక్కటే. అది గ్రౌండ్ అయితే చాలు. అయితే క్లాక్ చిప్ దగ్గర మాత్రమే మారిస్తే, అదే బీసెల్‌ని చదువుతున్న నార్త్‌బ్రిడ్జి (మెమరీని చూసుకునే చిప్‌సెట్ భాగం) ఇంకా 200 అనే అనుకుంటూ ఉంటుంది. ఇద్దరికీ ఒకే మాట చేరే చోట, అంటే ప్రాసెసర్ వైపే మార్చాలి.

వోల్టేజి సంగతి కొంచెం నెమ్మదిగా చదవండి. బీసెల్ ఒక వోల్టుకి కాస్త అటూఇటూ ఉండే సిగ్నల్. అందుకని ఎఫ్ఎస్ పిన్నులు 0.7 వోల్టులు దాటితే ఒకటి అంటాయి, 0.35 కన్నా తగ్గితే సున్నా అంటాయి. మిగతా స్ట్రాపుల అలవాటులో సీ పిన్నుని 10కెతో 3.3 వోల్టులకి లాగారనుకోండి. దానికి మూడో కొలువు కూడా ఉంది, టెస్ట్ సెలెక్ట్. 2 వోల్టులు దాటితే చిప్ టెస్ట్ మోడ్‌లోకి పోతుంది. అవుట్‌పుట్‌లన్నీ ఆగిపోవడమో, క్రిస్టల్ వేగాన్ని భాగించి పంపడమో చేస్తాయి. ఆ రెండిట్లో ఏది అన్నది బీ పిన్ను అప్పటికప్పుడు చెబుతుంది. బోర్డు చచ్చినట్టు పడి ఉంటుంది, షార్ట్ ఎక్కడా దొరకదు. సీ పిన్నుకి ఒకటి కావాలంటే ఒక వోల్టు దగ్గర్లో ఉండే ప్రాసెసర్ వీటీటీ లైన్‌కి లాగండి. 3.3కి ఎప్పుడూ వద్దు.

ఇంకొకటి. బీసెల్‌కీ ఏ, సీ పిన్నులకీ మధ్య కనిపించే వరస రెసిస్టర్లని అనవసరం అనుకుని తీగతో కలిపేయకండి. ముహూర్తం అయిపోయాక ఆ పిన్నుల మీద క్లాక్ పరుగెడుతుంది, అది నేరుగా ప్రాసెసర్ బీసెల్ మీదికి పోతుంది.

చిప్ మార్చేటప్పుడు

ఐసీఎస్, సిలెగో, రియల్‌టెక్ కంపెనీల చిప్పులు ఒకే అచ్చులో వస్తాయి. ఐసీఎస్ ఐడీటీలో, సిలెగో డయలాగ్‌లో కలిసి, చివరికి రెండూ రెనెసాస్ గూటికే చేరాయి. అయినా పాత చిప్పుల స్ట్రాపులు ఒక్కటి కాలేదు కదా. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో మరోచోటో స్క్రాప్ బోర్డు నుంచి చిప్ పీకి తెచ్చేటప్పుడు ప్యాకేజీ, పిన్నుల లెక్క చూసి తృప్తి పడొద్దు. ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన కొన్ని సీకే505 చిప్పుల్లో పీసీఐ4 రెండో కొలువు ఎస్ఆర్‌సీ5 కాదు, 27 సెలెక్ట్. సున్నా అయితే చిప్‌సెట్‌లోని గ్రాఫిక్స్ కోసం 96 మెగాహెర్ట్జ్, స్క్రీన్ కోసం 100 మెగాహెర్ట్జ్. ఒకటి అయితే వాటి బదులు ఎస్ఆర్‌సీ0, విడి గ్రాఫిక్స్ చిప్ కోసం 27 మెగాహెర్ట్జ్. అదే పిన్ను, అదే 10కె, అర్థం మాత్రం వేరు. ఒకదాని చోట రెండోది పెడితే బోర్డు ఆన్ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు.

అందుకే కొత్త చిప్ పెట్టేముందు పాత చిప్ చుట్టూ ఉన్న పీసీఐ2, పీసీఐ4, పీసీఐ ఎఫ్5 రెసిస్టర్లు ఏ వైపుకి లాగుతున్నాయో మీటర్‌తో చూసి కాగితం మీద రాసుకుంటాను. చిప్ దించాక మళ్ళీ అవే కొలుస్తాను. ఆ ల్యాన్ బోర్డు తర్వాత వచ్చిన అలవాటిది.